ఏడుగురికి ఎన్ని గదులు?

ఘాజియాబాద్ నగరం ఒక సత్రంతో మొదలయింది. మొగలు దర్బారులో ప్రముఖుడైన ఘాజీ ఉద్దీన్ 1740లో ఢిల్లీకి తూర్పున, హిందన్ నదికి చేరువలో ఒక ఊరు వెలయించి, దానికి ఘాజీఉద్దీన్‌నగర్ అని తన పేరే పెట్టుకున్నాడు. ఆ ఊరిలో బాటసారులకోసం కోసు కమానులతో, ఇటుక కట్టడంగా 120 గదుల సరాయి ఒకటి నిర్మించాడు. ఈ ఘాజీ ఉద్దీన్ హైదరాబాదు నిజాముల వంశానికి మూలపురుషుడైన అసఫ్‌జా కుమారుడనీ, దక్కను నేలిన సలాబత్‌జంగ్‌కు సోదరుడనీ బ్రిటిష్ కాలపు గెజిటీర్లు వ్రాశాయి. ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి అప్పగించిన సలాబత్‌జంగ్ పేరు తెలుగువారికి క్రొత్త కాదు. రైలు వచ్చిన తరువాత నోరు తిరగని పెద్ద పేరు కురచయి ఘాజియాబాద్ అయింది. మీరట్ జిల్లాలో ఒక తాలూకాగా ఉన్న ఈ ఊరు 1976 నవంబరు 14న తానే ఒక జిల్లా కేంద్రమయింది.

సరాయి కాలంలో బాటసారికి బస అంటే తలదాచుకొనే చోటు. కుటుంబంలో ఎందరున్నారు, పిల్లవానికి పన్నెండేళ్లు నిండాయా అని అడిగే పద్ధతి అప్పటిది కాదు. నేడు అదే ఊరికి వేసవి సెలవులలో పిల్లలకు ఆటల పార్కు చూపించడానికి వచ్చే కుటుంబానికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే: “మీరెందరు? పెద్దలెందరు? పిల్లలెందరు?”

భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు, తాత, నాయనమ్మ: మొత్తం ఏడుగురు. మన ఇండ్లలో ఇది పెద్ద కుటుంబమని ఎవరూ అనుకోరు. కాని హోటలు వ్యాపారం దృష్టిలో ఇది మూడున్నర కుటుంబాలు. ఈ లెక్క ఇంటి పెద్దకు ప్రయాణానికి ముందే తెలియకపోతే జరిగేదేమిటో చాలామందికి అనుభవమే. గదుల ఖర్చు చూసి ఇంట్లో ఒక చిన్న సమావేశం జరుగుతుంది. అంతా విన్న నాయనమ్మ, “నాకు మోకాళ్ల నొప్పులు, నేను రానులే, మీరు వెళ్లిరండి” అంటుంది. ఆ మోకాళ్ల నొప్పి చాలాసార్లు గది అద్దె వల్ల వచ్చినదే. గది లెక్క సరిగా వేసుకోవడం నేర్చుకుంటే ఆ నొప్పిని కొంత తగ్గించవచ్చు.

గది ఇద్దరికే ఎందుకు?

మన దేశంలో హోటలు గది సాధారణంగా ఒక జంట మంచంతో ఉంటుంది. ఇద్దరు పెద్దలు పడుకోవచ్చు. మూడవవారికి నేలపై పరుపో, మడత మంచమో వేస్తారు. అమెరికాలో సాధారణపు గదిలో రెండు పెద్ద మంచాలుంటాయి. నలుగురికి చోటు దొరుకుతుంది. ఒక్క మంచం తేడాతో అక్కడ నలుగురి కుటుంబానికి ఒక గది చాలితే, ఇక్కడ ఒకటిన్నర గది కావలసి వస్తుంది. అర గది ఎవరూ అద్దెకివ్వరు గనుక రెండు తీసుకోక తప్పదు.

అమెరికాలోనైనా ఈ సౌకర్యం ఊరక రాలేదు. 1951లో కెమ్మన్స్ విల్సన్ అనే గృహనిర్మాణ వ్యాపారి భార్యతో, ఐదుగురు పిల్లలతో మెంఫిస్ నుంచి వాషింగ్టన్‌కు కారులో విహారయాత్రకు బయలుదేరాడు. దారిలో బస చేసిన చోటల్లా గది అద్దెకు తోడు పిల్ల ఒక్కరికి రెండేసి డాలర్లు అదనంగా అడిగారు. ఐదుగురికి పది డాలర్లు! ఆ యాత్ర ముగిసేలోగా ఆయన ఒక నిశ్చయానికి వచ్చాడు. మరుసటి ఏడాది, 1952 ఆగస్టులో, మెంఫిస్‌లో తన మొదటి హాలిడే ఇన్ తెరిచాడు. తల్లిదండ్రుల గదిలో పడుకొనే పిల్లలకు అద్దె లేదని ప్రకటించాడు. ఆ పద్ధతి ప్రపంచమంతా ప్రాకింది. విచిత్రమేమిటంటే ఆయన కట్టిన ఆ తొలి బసలోనూ గదులు సరిగ్గా 120.

పార్కుల యజమానులు కూడా ఈ సంగతి ఆలస్యంగానే గ్రహించారు. 1955 జులైలో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరచినపుడు చుట్టుపక్కల స్థలం డిస్నీ చేతిలో లేదు. మోటళ్లు వెలసి, బస మీది లాభం ఇతరులకు పోయింది. అందుకే ఫ్లోరిడాలో 1971 అక్టోబరు 1న రెండవ పార్కు తెరచేలోగా 27,000 ఎకరాలకు పైగా ముందే కొనివేశారు. అక్కడ ఆరుగురు ఒకే తలుపు వెనుక ఉండగలిగే కుటుంబ గదులు చౌక తరగతి హోటలులో 2006లో వచ్చాయి. 2012లో అటువంటి గదులు పెక్కు గల మరొక హోటలు తెరిచారు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు ఇక్కడినుంచి తల్లిదండ్రులు వచ్చినపుడు ఓర్లాండో తీసుకువెళుతూ, పార్కు లోపలి గదులకు బదులు పక్కనున్న కిసిమీ పరిసరాలలో మూడు నాలుగు పడకగదుల ఇల్లు అద్దెకు తీసుకోవడం పరిపాటి. వంటగది ఉండడం అందుకు మరొక కారణమని చెప్పనక్కరలేదు. పప్పు, అన్నం, పెరుగు దొరికితే పెద్దవారికి సగం యాత్ర సుఖంగా జరిగినట్లే.

ఒకే పిల్లవాడు, నాలుగు లెక్కలు

ఇంటి పెద్ద ముందుగా ఒక కాగితం తీసుకొని పిల్లల వయస్సులు, ఎత్తులు వ్రాసుకోవాలి. ప్రయాణంలో ఒక్కొక్క చోట ఒక్కొక్క కొలత ఉంటుంది.

మన ఏడుగురి కుటుంబంలో పిల్లలకు 4, 9, 13 ఏళ్లనుకుందాం. రైలులో ఐదేళ్లలోపు బిడ్డకు విడిగా పడక అడగకపోతే టిక్కెట్టు లేదు. ఐదు నిండి పన్నెండు నిండనివారికి పడక అక్కరలేదంటే సగం చార్జీ, పడక కావాలంటే పూర్తి చార్జీ. 2016 నుంచి ఇదే నియమం. అంటే తొమ్మిదేళ్ల పిల్లకు రాత్రి ప్రయాణంలో పడక కావాలి గనుక పూర్తి చార్జీయే. ఢిల్లీ మెట్రోలో వయస్సు చూడరు, ఎత్తు చూస్తారు. మూడడుగులలోపు, అంటే 90 సెంటీమీటర్లలోపు పిల్లలకే ఉచితం. నాలుగేళ్ల బిడ్డ సాధారణంగా ఆ ఎత్తు దాటి ఉంటాడు. రైలులో ఉచితంగా వచ్చినవాడు మెట్రో గుమ్మం దగ్గర టిక్కెట్టు ప్రయాణికుడవుతాడు. ఆటల పార్కులలో కూడా చాలా చోట్ల ఎత్తునే కొలుస్తారు. టిక్కెట్టుకూ ఎత్తే, పెద్ద చక్రం ఎక్కనివ్వడానికీ ఎత్తే. హోటలువారు తిరిగి వయస్సుకు వస్తారు. చాలా హోటళ్లలో ఐదారేళ్లలోపు బిడ్డ తల్లిదండ్రుల మంచంమీద ఉచితం. పన్నెండులోపు పిల్లకు పరుపు ఖర్చు. ఆపైన పెద్దవారి లెక్క.

కావున అదే కుటుంబం రైలులో ఆరు టిక్కెట్లు, మెట్రోలో ఏడు, హోటలులో ఐదుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు. ఈ తేడా తెలియనివారు హోటలుకు ఫోను చేసి “మేము ఏడుగురం” అంటారు. అవతలి గుమాస్తా ఏడును రెండుతో భాగించి “నాలుగు గదులు” అంటాడు. బేరమాడితే మూడుకు దిగుతాడు. అలా కాక పిల్లల వయస్సులతో సహా పడకల అమరిక మీరే చెప్పండి: “ఒక గదిలో భార్యాభర్తలు, నాలుగేళ్లవాడు మంచంమీద, తొమ్మిదేళ్లపిల్ల పరుపుమీద. రెండవ గదిలో పెద్దవారిద్దరు మంచంమీద, పదమూడేళ్లవాడు పరుపుమీద.” చాలా హోటళ్లు దీనికి ఒప్పుకొంటాయి. పదమూడేళ్లవాడు తాత గదిలో ఉండడం రాత్రివేళ మంచినీళ్లు అందించడానికి, లైటు వేయడానికి కూడా సదుపాయమే.

ఉదాహరణకు గది అద్దె రోజుకు 2,800 రూపాయలు, అదనపు పరుపుకు 700 రూపాయలు అనుకోండి. మూడు గదులైతే 8,400. రెండు గదులు, రెండు పరుపులైతే 7,000. నూటికి ఐదు వంతున పన్ను కలిపితే 8,820కి బదులు 7,350. ఒక్క రాత్రికి 1,470 రూపాయల తేడా. మూడు రాత్రులకు అది 4,410 అవుతుంది.

పన్ను కూడా గది లెక్కనే

వస్తుసేవల పన్ను సంగతి చాలామంది బిల్లు చేతికి వచ్చిన తరువాతనే చూస్తారు. ముందే చూడవలసిన సంగతి అది. 2025 సెప్టెంబరు 22 నుంచి, గది ఒక్కింటికి రోజుకు అద్దె 7,500 రూపాయలు మించకపోతే పన్ను నూటికి 5. మించితే నూటికి 18. గమనించవలసినది, ఈ హద్దు ఒక్కొక్క గదికి వర్తిస్తుంది. మొత్తం బిల్లుకు కాదు.

దీనివల్ల ఒక విడ్డూరం పుడుతుంది. రెండు మామూలు గదులు 4,500 వంతున తీసుకుంటే అద్దె 9,000, పన్ను 450, మొత్తం 9,450. అదే హోటలులో “ఫామిలీ సూట్” అన్న పేరుతో రెండు గదులు ఒకటిగా కలిపి 9,000కు ఇస్తామంటే, అది ఒకే గది గనుక పన్ను 1,620, మొత్తం 10,620. అద్దె ఒక్కటే అయినా పేరు మారినందుకు రాత్రికి 1,170 రూపాయలు ఎక్కువ. కాబట్టి పెద్ద కుటుంబం సూటు కన్న మధ్య తలుపు గల రెండు గదులు అడగడం మేలు. రెండు గదులకూ విడివిడిగా అద్దె చూపి బిల్లు వ్రాస్తారా అని ముందే అడగాలి.

“మధ్య తలుపు గల గదులు” అన్న మాటను స్పష్టంగా చెప్పాలి. “పక్కపక్క గదులు” అంటే రెండు తలుపులూ బయటి నడవలోకే తెరుచుకొంటాయి. చిన్నపిల్లలున్నవారికి ఆ తేడా చాలా పెద్దది. “ఒకే అంతస్తు” అన్న హామీ కూడా తీసుకోవాలి. రెండవ అంతస్తులో తాత, అయిదవ అంతస్తులో మనుమలు ఉంటే రెండు గదులూ రెండు ఊళ్లే.

ఎక్కడ దిగాలి?

ఘాజియాబాద్‌లో ఆటలకు ప్రసిద్ధమైనది మీరట్ రోడ్డుమీద దుహాయ్ దగ్గరి డ్రిజ్లింగ్ ల్యాండ్. నోయిడాలో 38-ఏ సెక్టారులో వరల్డ్స్ ఆఫ్ వండర్ ఉంది. ఢిల్లీలో 1984 నవంబరు 19న ప్రారంభమై ఒక తరం పిల్లలను మురిపించిన అప్పూఘర్ 2008లో మూతపడింది. 1982 ఆసియా క్రీడల ఏనుగు పిల్ల అప్పూ పేరే దానికి పెట్టారు. ఇంట్లో ఆ పేరు చెప్పి పిల్లలను ఊరించే పెద్దలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పార్కుకు ఆనుకొని ఉన్న గది కోసం వెతకడం మొదటి పొరపాటు. పార్కు చూచేది ఒక్క రోజు. మిగిలిన రోజులు ఎర్రకోట, కుతుబ్‌మినార్, ఆగ్రా అంటూ తిరుగుతారు. ఏడుగురు ఒక టాక్సీలో పట్టరు. ఆరు సీట్ల బండి కూడా చాలదు. ప్రతి కదలికకూ రెండు బండ్లు పెట్టుకుంటే గదిలో ఆదా చేసినది దారిలో పోతుంది. కనుక పార్కుకు దూరమైనా, నడిచి స్టేషనుకు పోగలిగిన గది మనకు చౌక.

ఈ దృష్టితో చూస్తే ఘాజియాబాద్‌లో మూడు చోట్లు ఉన్నాయి. మొదటిది కౌశాంబి, వైశాలి ప్రాంతం. 2011 జులైలో నీలి మార్గం మెట్రో వైశాలి వరకు వచ్చింది. నిజాముద్దీన్‌లో రైలు దిగినవారు గులాబీ మార్గంలో ఆనంద్‌విహార్ చేరి, అక్కడ మారితే మరుసటి స్టేషనే కౌశాంబి. ఢిల్లీ చూడదలచినవారికి ఇది అనువు. రెండవది పాత ఊరికి దగ్గరగా, 2019 మార్చిలో ఎర్ర మార్గం చేరిన షహీద్ స్థల్ పరిసరం. దీనికి ఎదురుగానే నమో భారత్ రైలు వారి ఘాజియాబాద్ స్టేషను ఉంది. సాహిబాబాద్ నుంచి దుహాయ్ డిపో వరకు 2023 అక్టోబరులో ప్రారంభమైన ఈ వేగపు రైలులో దుహాయ్‌లో దిగి, అక్కడినుంచి ఆటోలో డ్రిజ్లింగ్ ల్యాండ్ చేరవచ్చు. మూడవది ఇందిరాపురం. దాని ప్రక్కనే నోయిడా ఎలక్ట్రానిక్ సిటీ స్టేషను 2019లో తెరిచారు. ఎక్కడా మారకుండా నోయిడా 18వ సెక్టారు స్టేషనులో దిగితే వరల్డ్స్ ఆఫ్ వండర్ సమీపమే. మీరు చూడదలచిన పార్కును బట్టి బస ప్రాంతం ఎన్నుకోండి.

ఏ రోజుల్లో?

గది ధర ఋతువును బట్టి, వారాన్ని బట్టి మారుతుంది. శని, ఆదివారాలలో ఢిల్లీవారే పార్కులకు వస్తారు. సోమవారం నుంచి గురువారం వరకు రద్దీ, ధర రెండూ తగ్గుతాయి. తెలుగు రాష్ట్రాల బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారంలోనే మొదలవుతాయి. ఢిల్లీ, ఉత్తరప్రదేశ్ బడులకు మే రెండవ, మూడవ వారాల వరకు సెలవులుండవు. ఈ నడుమనున్న రెండు వారాలు మనకు కలిసివచ్చే కాలం. ఎండ మాత్రం తీవ్రంగా ఉంటుంది. ముసలివారిని మధ్యాహ్నం గదిలోనే విశ్రమింపజేయాలి. చలికాలంలో వెళ్లేవారికి ఎండ బాధ ఉండదు గాని, ఉత్తరాది చలిలో నీటి ఆటలు సాగవు.

రెండు సందర్భాలు తప్పించుకోవలసినవి. ఒకటి పెళ్లిళ్ల కాలం. కార్తీక శుద్ధ ఏకాదశి తరువాత, మరల అక్షయతృతీయ ముందు వెనుకల, ఆ ప్రాంతపు హోటళ్ల గదులు పెళ్లివారు మొత్తంగా తీసుకొంటారు. మిగిలిన గదికి ధర పెరుగుతుంది. రాత్రి రెండు దాకా బాజాలు ఉచితం. రెండవది కావడి యాత్ర. హరిద్వార్ నుంచి గంగాజలం కావళ్లతో మోసుకొని వచ్చే లక్షలాది శివభక్తులు మీరట్ రోడ్డు మీదుగా నడుస్తారు. ఆ రోజుల్లో వాహనాలను దారి మళ్లిస్తారు. ఉత్తరాదివారు దీనిని శ్రావణమాసమంటారు. మన పంచాంగం చూసి శ్రావణం ఇంకా రాలేదని బయలుదేరేవారు మోసపోతారు. వారి నెల పౌర్ణమి మరునాడు మొదలవుతుంది గనుక, వారి శ్రావణ కృష్ణపక్షమంటే మన ఆషాఢ బహుళమే. ఆ పక్షంలో మీరట్ రోడ్డు పని పెట్టుకోరాదు.

హోటలు కాక మరేమిటి?

ఏడుగురు దాటిన కుటుంబానికి ఇల్లే మేలు. ఢిల్లీలో ఇంటిలో అతిథులకు గదులిచ్చేవారిని నమోదు చేయడానికి 2007లోనే చట్టం వచ్చింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2025లో ఇటువంటి విధానాన్నే ఆమోదించి, ఒక ఇంటిలో ఆరు గదులు, పన్నెండు పడకలు మించకుండా అతిథులకు ఇవ్వవచ్చునన్నది. నమోదయిన ఇల్లా కాదా అని అడగడంలో తప్పు లేదు. ఇందిరాపురం వంటి చోట ఆకాశాన్నంటే అపార్టుమెంట్లలో ఇల్లు తీసుకొనేవారు మరొకటి కూడా అడగాలి: అతిథులు దిగడానికి ఆ కాలనీ సంఘం అనుమతి ఉందా? డబ్బు కట్టి, సామాను దించి, గేటు దగ్గర కాపలావానితో వాదించడం ఎవరికీ ముచ్చట కాదు. ఇంటి అద్దె చూసేటపుడు శుభ్రం చేసినందుకు వేసే రుసుము, ముందు ఉంచుకొనే సొమ్ము కూడా కలుపుకొని రాత్రికి ఎంత పడిందో లెక్కించాలి. ఒక్క రాత్రికైతే ఈ రుసుముల వల్ల ఇల్లు ఖరీదు. మూడు రాత్రులకైతే చౌక.

ఒక్క రాత్రి మజిలీకి రైల్వే విశ్రాంతి గదులు, డార్మిటరీలు ఉన్నాయి. ప్రయాణపు టిక్కెట్టు ఉన్నవారికే ఇస్తారు. ఢిల్లీ చాణక్యపురిలో యూత్ హాస్టల్స్ సంఘం వారి హాస్టలులో డార్మిటరీలున్నాయి. ఆడవారు, మగవారు విడివిడిగా పడుకోవలసి వస్తుందేమో ముందే కనుక్కోవాలి. రాత్రి అమ్మకోసం ఏడ్చే బిడ్డ ఉన్నవారికి అది కుదరదు.

మన వైపు చూస్తే, హైదరాబాదు దగ్గర 1996లో ఏర్పడిన రామోజీ ఫిల్మ్‌సిటీ ఈ అవసరాన్ని కొంత గుర్తించింది. ఆవరణలోనే సితార, తార వంటి ఖరీదైన హోటళ్లతోపాటు శాంతినికేతన్ వంటి పొదుపు బస, బృందాలుగా వచ్చేవారికి సహారా వసతి ఉన్నాయి. బసతో కలిసిన టిక్కెట్టు కొనేముందు, అదే కుటుంబం ఎల్.బి.నగర్ దగ్గర గది తీసుకొని, ఉదయం వెళ్లి రాత్రి తిరిగివస్తే ఎంత అవుతుందో పక్కన వ్రాసి పోల్చుకోవాలి. 2018లో మెట్రో ఎల్.బి.నగర్ చేరిన తరువాత ఆ ప్రాంతపు బస నగరం చూడదలచినవారికీ ఉపయోగమే.

చౌకకు ఒక హద్దు

ఖర్చు తగ్గించడానికి ఏడుగురూ ఒకే గదిలో సర్దుకుందామనే ఆలోచన చాలామందికి వస్తుంది. ఇద్దరిని చూపించి మిగిలినవారిని తరువాత పైకి రప్పించడం తెలివి అనుకొంటారు. అది రెండు విధాల తప్పు. మొదటిది, ప్రతి పెద్దవారి గుర్తింపు పత్రమూ తీసుకొనడం హోటలు వారి విధి. పేరు లేని మనిషి ఆ రాత్రి ఆ కట్టడంలో ఉన్నట్లు ఎవరికీ తెలియదు. రెండవది ఇంకా ముఖ్యం. 2019 ఫిబ్రవరి 12 తెల్లవారుజామున ఢిల్లీ కరోల్‌బాగ్‌లోని ఒక హోటలులో మంటలు లేచి 17 మంది మరణించారు. పెళ్లికి వచ్చిన కుటుంబాలవారు అందులో ఉన్నారు. అటువంటి వేళ లోపల ఎందరున్నారన్న లెక్కే ప్రాణాలు కాపాడేవారికి మొదటి ఆధారం.

కనుక గది చూడగానే మంచం కన్నా ముందు మెట్లు చూడండి. రెండవ మెట్ల దారి ఉన్నదా, దాని తలుపుకు తాళం వేసి ఉన్నదా, కిటికీ తెరుచుకొంటుందా అని చూసి, పిల్లలకు కూడా ఒకసారి ఆ దారి నడిచి చూపండి. రెండు నిమిషాల పని. పెద్దవారితో వెళ్లేవారు వీలైతే క్రింది అంతస్తు గదులే అడగాలి. అది మోకాళ్లకూ మంచిది, ఆపదవేళకూ మంచిది. ఈ సంగతులలో లోపం కనిపిస్తే, ఎంత చౌకయినా, ఆ గది వదులుకోవాలి.

ఫోనుమీద అడగవలసిన ప్రశ్నలు ఒక కాగితంమీద వ్రాసి పెట్టుకోండి. మంచం ఎంత వెడల్పు? అదనపు పరుపుకు ఎంత, గదికి ఎన్ని ఇస్తారు? ఏ వయస్సు వరకు ఉచితం? ఉదయపు ఫలహారం ఎందరికి? పరుపుమీద పడుకొనేవారికి కూడానా? స్నానాల గదులు ఎన్ని? పార్కుకు వెళ్లే ఉదయం ఏడుగురు ఒకే స్నానాల గదికి బారులు తీరితే పది గంటలకు బయలుదేరవలసినవారు పన్నెండుకు తేలుతారు. లిఫ్టు ఉందా, కరెంటు పోతే నడుస్తుందా? రైలు తెల్లవారుజామున చేరితే గది ఎప్పుడిస్తారు? ప్రయాణం ఆగిపోతే సొమ్ము ఏ తేదీ వరకు తిరిగి వస్తుంది? చెప్పిన జవాబులను ఫోనుకు సందేశంగా పంపమనండి. మాట వేరు, వ్రాత వేరు.

ఇంటి పెద్దకు చివరగా ఒక సూచన. ఈ లెక్క వేసేటపుడు భార్యాభర్తలను, పిల్లలను ముందు వ్రాసుకొని, డబ్బు మిగిలితే తాతను, నాయనమ్మను చేర్చడం చాలా ఇండ్లలో అలవాటు. ఆ వరుస మార్చండి. కాగితంమీద పెద్దవారి గదిని మొదట వ్రాయండి: క్రింది అంతస్తు, మంచం, దగ్గరలో స్నానాల గది. వారి ప్రక్కన ఒక మనుమడికి పరుపు. ఆ తరువాతనే రెండవ గది. ఇలా వ్రాసినపుడు ఏడుగురికి రెండు గదులే అయ్యాయన్నది పైన చూశాము. లెక్క పూర్తయ్యాక ఆ కాగితం నాయనమ్మకు చూపించండి. తనవల్ల ఒక గది అదనంగా పడడం లేదని తెలిస్తే, ఆమె బట్టలు సర్దుకోవడానికి లేస్తుంది.